సాగనంపు గంటలు

“పొద్దున్నుంచీ అదే పాట. ఎద్దు ముసలిదైతే నూనె రాకపోవడమేమిటే? నూనె నువ్వుల్లో ఉంటుంది గానీ ఎద్దులో ఉంటుందా?” అని చిట్టెమ్మ గోడకు చేరగిలబడి గొంతు పెంచింది.

“నువ్వులూ మార్చాం, రోకలీ మార్చాం. మార్చనిది అదొక్కటే కదత్తా,” అంది ఆమె కోడలు రవణమ్మ, చేటలో నువ్వులు చెరగడం ఆపకుండానే. “ఈ ఏటి సాగనంపులో పుల్లన్నను పంపేద్దాం. మీ అబ్బాయి ఒప్పుకున్నాడు.”

“వాడు ఒప్పుకోనిదెప్పుడు! రేపు నాకు కాళ్ళు పడిపోతే నా మెడలోనూ ఓ గంట కట్టి పంపెయ్యండి. పసుపు మాత్రం కాస్త ఎక్కువ పుయ్యండి, నా ఒంటికి తొందరగా కనపడదు.”

“అనత్తా, ఎన్నైనా అను. తెల్లారేసరికి దానికి గడ్డి వెయ్యాల్సింది నేను కదా.”

ఇంటి యజమాని గంగులు గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట విన్నా రెండోవాళ్ళతో తంటా కాబట్టి ఏమీ విననట్టే ఉన్నాడు. అతని కూతురు పైడి గానుగ దగ్గర నిలబడి పుల్లన్న కళ్ళకు కట్టిన గంతలు విప్పుతోంది. పుల్లన్న ఆ ఇంటి గానుగెద్దు. పైడి పుట్టక ముందే ఆ కాడి కిందికి వచ్చింది. ఒకే రోలు చుట్టూ తిరిగి తిరిగి, అక్కడ నేల గుండ్రటి కాలవలా అరిగిపోయింది.

ఆ ఇంట్లో తగువుకు అసలు కారణం ఆ ఇంటిది కాదు, కుందనగిరి రాజ్యం మొత్తానిది. కిందటి కోతల నుంచీ ఏ గానుగలోనూ చుక్క నూనె దిగడం లేదు. నువ్వులు నలిగి పొడిపిండి అవుతున్నాయి తప్ప వేలికి తడి అంటదు. ఆముదాలు ఉడకబెట్టినా అంతే, కుసుమలు ఆడించినా అంతే. పొద్దు గుంకితే రాజ్యం రాజ్యమే చీకటి. కూరల్లో తాళింపు లేదు, పసిపిల్లల మాడుకు ఆముదం లేదు. ఉన్న నెయ్యంతా కోటకు చేరింది కనక రాజుగారి గదుల్లో మాత్రం దీపాలు వెలుగుతున్నాయి.

కారుకోన అడవిలో ఉన్న రాకాసి మన నూనె దొంగిలిస్తోందని ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడు. సైనికులు కత్తులు పట్టుకుని వెళ్ళారు. తిన్నగా నడిచి నడిచి, ఎక్కడ అడవిలో అడుగుపెట్టారో అక్కడే మళ్ళీ తేలారు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే వరస.

*

కుందనగిరి మనుషులకు తమ జాలిగుండెల మీద చాలా గర్వం. పక్క రాజ్యాల్లో లాగా ముసలి పశువును సంతలో అమ్మరు, కర్రతో తోలెయ్యరు. పంటలు ఇంటికి చేరాక సాగనంపు పండుగ చేస్తారు. పండుగ దగ్గర పడుతుందనగానే ఆడపిల్లలు జట్లుగా ఇల్లిల్లూ తిరిగి పాత కంచు గిన్నెలూ, చిల్లుపడ్డ చెంబులూ చందా అడిగి తెస్తారు. కంచరివాళ్ళు వాటిని కరిగించి గంటలు పోస్తారు. ఎక్కువ ఇచ్చినవాళ్ళ పేరు పెద్ద గంట మీద, తక్కువ ఇచ్చినవాళ్ళ పేరు చిన్న గంట మీద చెక్కుతారు. ప్రతి వీధీ తన పశువులను తనే అలంకరిస్తుంది. కొమ్ములకు రంగులు, వీపు మీద రంగురంగుల పేలికలు కుట్టిన దుప్పటి, మెడలో జీలుగు బెండు పువ్వుల దండ. అందరికన్నా అందంగా చేసిన వీధికి రాజుగారు పట్టుశాలువా ఇస్తారు. అది ఏటా గానుగల వీధికే వచ్చేది. బెండు పువ్వులు కొయ్యడంలో పైడి చెయ్యి అలాంటిది.

ఆ తరవాత పశువులకు బెల్లం తినిపించి, హారతిచ్చి, కారుకోన అంచున వదిలి, “ఇక అడవితల్లి చూసుకుంటుంది” అని దణ్ణం పెట్టి వెనక్కి మళ్ళుతారు. మళ్ళాక ఎవరూ తిరిగి చూడకూడదు. చూస్తే పశువుకు బెంగ పుడుతుందని అంటారు.

సాయంత్రాలు గాలి అటునుంచి వీస్తే అడవిలో గంటలు వినపడేవి. “అదిగో మన చామంతి! ఎంత హాయిగా మేస్తోందో విను,” అని రవణమ్మ చేస్తున్న పని ఆపి మురిసిపోయేది. చామంతి పాలు ఎండిపోయాక వాళ్ళు సాగనంపిన ఆవు. గంటల చప్పుడు ఆగిపోయిన రోజుల్లోనే ఊళ్ళో నూనె కూడా ఆగిపోయింది. ఆ రెంటినీ కలిపి ఆలోచించిన వాళ్ళెవరూ లేరు.

పండుగ రోజు వచ్చింది. పుల్లన్నకు దండ పైడే కట్టింది. కన్నీళ్ళు వస్తున్నా పువ్వు వంకర పోకుండా చూసుకుంది. ఎందుకంటే అందరూ నమ్మినట్టే తనూ నమ్మింది. శాలువా ఈసారీ గానుగల వీధికే వచ్చింది.

అడవి అంచున దణ్ణాలు పెట్టి జనం వెనక్కి తిరిగారు. పైడి కూడా తిరిగింది. కానీ వెనక మోగుతున్న పుల్లన్న గంట దూరం కావడం లేదు. నడిచిన కొద్దీ అన్ని గంటలూ సన్నబడుతుంటే ఆ ఒక్క గంటా ఉన్న చోటే మోగుతోంది. పైడి ఆగిపోయింది.

“చూడకే పైడీ, తప్పు!” అని తల్లి చెయ్యి పట్టుకుంది.

పైడి చూసింది. పుల్లన్న అడవిలోకి పోలేదు. కళ్ళకు గంతలు లేవు, మెడ మీద కాడి లేదు, నడుమ రోలు లేదు. అయినా ఉత్త నేల మీద గుండ్రంగా తిరుగుతోంది. దానికి తిన్నగా నడవడం తెలియదు.

“అమ్మా, వాడు పోలేడే. వాణ్ణి అడవితల్లి చేతికి అప్పగించి వస్తాను.”

“అడవితల్లేమన్నా వీధి చివర ఉందా అప్పగించడానికి? పిచ్చి వేషాలెయ్యక పద!”

“ఉందని మీరే కదా చెప్పారు,” అని పైడి చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. జనం అందరూ అక్కడే ఉన్నారు. వెనక్కి చూడకూడదు కనక ఎవరూ చూడలేదు.

*

పలుపు పట్టుకుని నడిపిస్తే పుల్లన్న తిన్నగానే నడిచింది. కాసేపటికి ఒక వాగు వచ్చింది. వాగొడ్డున బండ మీద జడలు పెంచుకున్న ముని ఒకాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

“సామీ, అడవితల్లి ఎక్కడుంటుంది?”

“అడ్డురాకు. సకల జీవులూ సుఖంగా ఉండాలని తపస్సు చేస్తున్నాను,” అన్నాడు ముని కళ్ళు తెరవకుండా.

ఆయన మోకాలి పక్కనే ఒక కొంగ కాలికి ఉచ్చు పడి రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. అది ఎన్నాళ్ళుగా ఉందో గానీ కాలి చర్మం ఊడిపోయింది.

“మీ పక్కన కొంగ చచ్చిపోతోంది సామీ.”

“తెలుసు. దాని కోసం కూడా కలిపే చేస్తున్నాను.”

“చెయ్యి చాపితే అందుతుంది కదా!”

“చెయ్యి చాపితే ఏకాగ్రత పోతుంది. వయసుకు మించిన మాటలు మాట్లాడకు.”

పైడి వంగి ఉచ్చు కొరికి తెంపింది. తన ఓణీ అంచు చింపి కొంగ కాలికి కట్టింది. కొంగ ఎగిరి అవతలి కొమ్మ మీద వాలింది. అప్పుడు ముని కళ్ళు తెరిచి చూసి, ముఖం విప్పార్చి, “చూశావా పిల్లా! ఇన్నాళ్ళకు నా తపస్సు ఫలించింది,” అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

కొమ్మ మీది కొంగ మెడ సాచింది. “ఆయనతో వాదించకు, పొద్దు పోతుంది. ఆ కొండకు చీలిక కనపడుతోందే, అటు పో. ఆ ఎద్దు గంట మాత్రం మోగనివ్వకు.”

“ఎందుకు? గంట మోగితే అడవితల్లికి తెలుస్తుంది కదా!”

“తెలియాల్సిన వాళ్ళకన్నా ముందు వేరేవాళ్ళకు తెలుస్తుంది,” అని కొంగ గాయం కాలు వేలాడేసుకుని ఎగిరిపోయింది.

గంట ఆపడం ఎలాగో పైడికి తోచేలోపే పొదలు కదిలాయి. ఒక చిరుత బయటికి వచ్చింది. ముసలిది. కళ్ళమీద తెల్లటి పొర కమ్మింది. అది పైడి వైపు చూడలేదు, పుల్లన్న వైపూ చూడలేదు. చెవులు నిక్కించి గంట వైపు తిరిగింది.

“వచ్చిందా భోజనం?” అంది చిరుత. “చాలా రోజులకు మోగింది.”

పైడి చప్పున పుల్లన్న మెడలోని దండ తెంపి, ఆ బెండు పువ్వులన్నీ గంటలో కుక్కేసింది. గంట నాలుక కదలకుండా బిగుసుకుపోయింది.

చిరుత అయోమయంగా తల అటూ ఇటూ తిప్పింది. “ఏదీ? ఎక్కడికి పోయింది?”

“పోలేదు. ఇక్కడే ఉంది,” అంది పైడి. “నువ్వు... నువ్వు గంట వినేనా వచ్చేది?”

“మరి? మీ ఊరివాళ్ళు ఎంత మర్యాదస్తులో! తిండి పంపిస్తూ, అది ఎక్కడుందో తెలియడానికి గంట కూడా కట్టి పంపేవాళ్ళు. నీ మాట వింటే ఆ ఊరిదానివే అనిపిస్తోంది. గొంతులో ఆ మెత్తదనం ఉంది. నా కుర్రతనంలో జింకల వెంట పరుగెత్తేదాన్ని. గంటలు మొదలయ్యాక వేట మరిచిపోయాను. ఇప్పుడేమో ఆ రాకాసి నాకన్నా ముందే వచ్చి పశువులను తోలుకుపోతోంది. తిండీ పోయె, వేటా పోయె.”

పైడికి చందాల పాట గుర్తొచ్చింది. గుమ్మం గుమ్మం ముందు నిలబడి, “అమ్మా, కంచు పెట్టండమ్మా, గంట కట్టండమ్మా” అని తనే అందరికన్నా గట్టిగా పాడేది. పెద్ద గంట పెద్ద పుణ్యం అని చెప్పి, లేదన్నవాళ్ళ చేత కూడా చెంబులు పెట్టించింది.

“చిరుతమ్మా, పెద్ద గంటలు కట్టిన వాటిని...”

“వాటిని ముందు. చాలా దూరం వినిపించేవి కదా,” అంది చిరుత మామూలుగా. కాసేపు గాలి పీల్చి, గంట మోగనిదే తిండి ఎటుందో పోల్చుకోలేక, విసుక్కుంటూ పొదల్లోకి పోయింది.

పైడి ఆ గంట విప్పి వాగులో పారేసింది. ఏడుపు రాలేదు.

*

కొండ చీలిక దగ్గరికి పోవాలంటే చింతచెట్ల మధ్య నుంచి ఒకే దారి. పైడి తిన్నగా నడిచింది. నడిచినంతసేపు నడిచి చూస్తే మళ్ళీ వాగొడ్డునే ఉంది. ముని కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇంకోసారి నడిచింది. మళ్ళీ వాగే. సైనికులను తిప్పికొట్టిన మాయ ఇదేనని అర్థమైంది. అలసిపోయి పలుపు వదిలేసి కూలబడింది.

పలుపు వదలగానే పుల్లన్న తన అలవాటు కొద్దీ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పైడి విసుగ్గా చూస్తూ కూర్చుంది. తరవాత లేచి నిలబడింది. పుల్లన్న ఒక చుట్టు తిరిగేసరికి వాగు కాస్త వెనక్కి జరిగింది. ఇంకో చుట్టుకు చింతచెట్లు పలచబడ్డాయి. తిన్నగా పోయేవాళ్ళను వెనక్కి నెట్టే ఆ దారి, చుట్టూ తిరిగేదాన్ని లోపలికి లాక్కుంటోంది. జీవితమంతా గానుగ చుట్టూ తిరిగినా అడుగు కూడా ముందుకు పోని ఎద్దు, ఇప్పుడు ఒక్కో చుట్టుకూ కొండకు దగ్గరవుతోంది. పైడి దాని మూపురం మీద చెయ్యి వేసి పక్కనే తిరిగింది. కళ్ళు తిరిగినా ఆగలేదు. పొద్దు వాలే వేళకు ఇద్దరూ గుహ ముందు ఉన్నారు.

గుహ నిండా పశువులు. కుంటి గుర్రాలు, కాడి రాసి మూపులు పుండ్లయిన ఎద్దులు, వీపులు వంగిపోయిన గాడిదలు, పొదుగులు ఎండిన ఆవులు, చెవులు తెగిన మేకలు. పై రాతిలో సన్నటి చీలిక నుంచి బంగారు రంగు ధార ఒకటి రాతి తొట్టెలోకి పడుతోంది. వాసన పట్టి చూస్తే నువ్వుల నూనె. తొట్టె దగ్గర తాటిచెట్టంత మనిషి వంగి, ఒక గాడిద వీపు మీద పుండుకు ఆ నూనె రాస్తోంది. కోరలు ఉన్నాయి, జుట్టు చింపిరిగా ఉంది. చేతులు మాత్రం చాలా నెమ్మదిగా కదులుతున్నాయి.

“మళ్ళీ ఇంకోదాన్ని తెచ్చావా?” అంది రాకాసి తలెత్తకుండా. “వదిలేసి పో. వెనక్కి చూడకుండా పొయ్యే జాతి కదా.”

“నేను వదలడానికి రాలేదవ్వా. అడవితల్లికి అప్పగిద్దామని వచ్చాను.”

రాకాసి నవ్వింది. గుహ అదిరింది. “ఆవిడెవరో నేనూ ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. చూసి చూసి నేనే మొదలుపెట్టాను.”

“నూనె దొంగతనం తప్పు కదా?”

“పుండ్లకు ఏం రాయమంటావు? బెండు పువ్వులా?”

పైడి చుట్టూ చూసింది. గుహ గోడకు గంటలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. షావుకారు రత్నయ్య, దండనాయకుడు వీరభద్రుడు, కోట పెద్ద పూజారి. వాటి మధ్య ఒక చిన్న గంట మీద తన తండ్రి పేరు ఉంది. అది చామంతి మెడలో కట్టినది.

“ఈ ఆవు ఎక్కడుంది అవ్వా?”

“గంట దొరికింది. నేను వెళ్ళేసరికి అదే ఉంది,” అని రాకాసి చేతిలో నూనెగిన్నె ఆమె వైపు తోసింది. “నా వేళ్ళు లావు, పశువులకు నొప్పి పెడుతుంది. చూస్తూ నిలబడే బదులు నువ్వు రాయి.”

పైడి రాసింది. ఒకదాని తరవాత ఒకటి. చీము కడిగింది, ఈగలను తోలింది, పుల్లన్న మూపురం మీద కాడి రాపిడికి కాసిన కాయను మెత్తబడేదాకా మర్దించింది. ఎంత చేసినా గుహలో ఇంకా మిగిలే ఉన్నాయి. చివరికి రాకాసి ఆమె పక్కన చతికిలబడింది.

“నూనె తిరిగి ఇమ్మని అడుగుదామనుకుంటున్నావు కదూ?”

“ఊరంతా చీకట్లో ఉంది అవ్వా.”

“నాకు నూనె మీద మోజేమీ లేదు. వీటిని తోలుకుపో. ఏ పశువును ఆ ఇంటివాళ్ళు దాని పేరుతో పిలిచి వాకిట్లోకి రానిస్తారో, ఆ ఇంటి నూనె ఆ ఇంటికి తిరిగొస్తుంది. ఆ పశువు ఆ వాకిట్లో ఉన్నన్నాళ్ళే సుమా. మళ్ళీ గెంటితే మళ్ళీ చీకటే.”

“అంతేనా?” అంది పైడి సంబరంగా. “పేరు పెట్టి పిలవడమేగా!”

“అంతే,” అని రాకాసి ఆమెను జాలిగా చూసింది.

*

కుంటుతూ, దేకుతూ, ఒకదాన్నొకటి ఆనుకుంటూ పశువుల మంద కుందనగిరి కోటగుమ్మం ముందుకు వచ్చి ఆగింది. ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. పల్లకీలో రాజుగారు వచ్చారు. పైడి గుహలో చూసిందంతా చెప్పింది, చిరుత మాటలు కూడా దాచలేదు. ఆ మాటల దగ్గర జనం చూపులు నేలకు దిగాయి. కాసేపే. నూనె తిరిగొస్తుందన్న మాట వినగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది.

గుహ గోడ మీంచి దించి ఆమె తెచ్చిన గంటల సంచి మీద ముందు పడ్డారు. “ఇదిగో మా గంట! మా పేరే!” అని ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. పశువుల వైపు తిరిగేసరికి చప్పబడిపోయారు.

షావుకారు రత్నయ్య తన కుంటి ఆవు ముందు నిలబడి, చేతులు జోడించి, “రావమ్మా గోమాతా!” అన్నాడు. ఆవు కదల్లేదు. “నందినీ! కామధేనూ! మహాలక్ష్మీ!” అన్నాడు. ఆవు చెవి కూడా ఆడించలేదు.

“దాని పేరేమిటే?” అని భార్యను అడిగాడు.

“నాకేం తెలుసండీ. పాలు వంటింట్లోకి వచ్చేవి, నేను కాచేదాన్ని.”

దండనాయకుడు తన ముసలి గుర్రాన్ని ఆజ్ఞాపించాడు. యుద్ధాల్లో తనను మోసిన గుర్రం పేరు అతనికి నోటికి రాలేదు. “గుర్రమా, లోపలికి నడు!” అని గద్దించాడు. అది తల వంచుకుని నిలబడింది.

అంతలో చాకలి సూరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వీపు వంగిన ఒక కుంటి గాడిదను చూడగానే ఆమె గొంతు పగిలిపోయింది. “ఒసే దొంగమొహందానా! బతికే ఉన్నావే! దొంగమొహందానా!”

గాడిద ఒక్కసారి తలెత్తి ఓండ్ర పెట్టి, మూడు కాళ్ళ మీద గెంతుతూ ఆమె మీదికి వచ్చిపడింది. అది పుట్టినప్పటినుంచీ ఆమె దాన్ని పిలిచిన పేరు అదే. జనం నవ్వారు. సూరమ్మ ఏడుస్తూ దాని మెడ కావలించుకుని వాళ్ళందరినీ తిట్టింది. ఆ సాయంత్రం కుందనగిరిలో మొదటి దీపం ఆమె గుడిసెలో వెలిగింది.

ఇంకా కొన్ని ఇళ్ళు దక్కాయి. ఒక పసివాడు “బుజ్జిమేకా” అని పిలిస్తే ఒక మేక వచ్చింది. పైడి “పుల్లన్నా” అని పిలిస్తే పుల్లన్న గానుగల వీధిలోకి వచ్చింది. రవణమ్మ రోట్లో గుప్పెడు నువ్వులు వేసి తిప్పి చూసి, వేలికి అంటిన నూనెను కళ్ళకద్దుకుంది. కానీ మందలో చాలావాటికి పేరు చెప్పేవాళ్ళు లేరు. అలంకారం చేసిన చేతులకు రంగులు గుర్తున్నాయి, శాలువాలు గుర్తున్నాయి. ఆ పశువులు కోటగుమ్మం ముందే నిలబడిపోయాయి.

*

మర్నాడు మధ్యాహ్నం గంగులు కోట నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. రాజుగారి నిర్ణయాలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. వెలిగిన ఇళ్ళ నూనె కోటకు సరిపోతుందట, మిగతా ఇళ్ళ సంగతి నిదానంగా చూస్తారట. పైడి సాహసానికి గుర్తుగా ఏటా కరుణోత్సవం చేస్తారట. దానికి కంచు చందాలు రేపటి నుంచే మొదలు. గుమ్మం ముందు నిలిచిన పశువులను ఈసారి ఇంకా ఘనంగా అలంకరించి, రాజ్యం పేరు చెక్కిన గంటలు కట్టి, మళ్ళీ సాగనంపుతారట.

“చిరుత సంగతి చెప్పాను కదా అయ్యా!” అంది పైడి.

“చెప్పావే. రాజుగారు చాలా బాధపడ్డారు కూడా. అందుకే ఈసారి చిన్న గంటలు కట్టమన్నారు.”

చిట్టెమ్మ ముక్కు మీద వేలేసుకుంది. గంగులు అసలు మాట అప్పుడు చెప్పాడు. “రాజకుమారుడికి మన పైడిని చేసుకుంటారట. లగ్గం ఉత్సవం రోజే. మందకు ముందు పుల్లన్న నడవాలట. ఒకసారి పోయి వచ్చింది కదా, దానికి దారి తెలుసు అన్నారు.”

“పుల్లన్నను మళ్ళీ పంపిస్తే మన నూనె?” అంది రవణమ్మ.

“రాజుగారి వియ్యంకుడికి నూనె కొరతా! కోట నుంచి నెయ్యే వస్తుంది,” అని గంగులు నవ్వాడు. రవణమ్మ కూడా నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగింది.

పైడి లేచి కోటగుమ్మం దగ్గరికి వెళ్ళింది. పేర్లు లేని పశువులు నిన్న నిలబడ్డ చోటే ఉన్నాయి. బెండు కోసే పిల్లలు అప్పుడే వచ్చి వాటి మెడలు కొలుస్తున్నారు. ఒక పిల్ల పైడిని చూసి, “అక్కా, ఆ పెద్ద పువ్వు ఎలా కొయ్యాలో చూపించవా?” అని అడిగింది. మంచిపిల్ల. నిజంగానే ఆ ముసలి గుర్రం నుదురు నిమురుతోంది. రాత్రంతా మంచులో నిలబడి గుర్రం బిగుసుకుపోయింది గానీ, దాని ముందు ఎవరూ గడ్డిపరక వెయ్యలేదు. పైడి ఆ పిల్ల చేత పక్క కళ్ళంలోంచి గడ్డి మోయించి, తనూ మోసి, అన్నిటికీ వేసింది. వాటి పుండ్లు మళ్ళీ ఎండి పగులుతున్నాయి.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. ఇంట్లో చాన్నాళ్ళకు తాళింపు ఘుమఘుమలు. గూట్లో దీపం నిండుగా వెలుగుతోంది. అందరూ కంచాల ముందు కూర్చున్నారు. గంగులు పల్లకీ రంగు గురించి, రవణమ్మ పెట్టవలసిన చీరల గురించి మాట్లాడుకుంటున్నారు. చిట్టెమ్మ చాలా రోజులకు దొరికిన నూనె చుక్కతో మోకాళ్ళు రుద్దుకుంటోంది.

పైడి ఉన్నదంతా తినేసి, కంచం కడిగి బోర్లించి వచ్చి, తల్లి పక్కన కూర్చుంది. గొంతు పెంచకుండానే చెప్పింది.

“అమ్మా, అయ్యా, నాయనమ్మా. నాకు ఈ లగ్గం వద్దు. తెల్లవారగానే ఆ మందను తోలుకుని గుహకు వెళ్ళిపోతున్నాను. అక్కడే ఉంటాను. పుల్లన్ననూ తీసుకెళ్తున్నాను. రేపటి నుంచి ఈ ఇంట్లో నూనె ఉండదు. పొద్దుండగానే వంట కానిచ్చుకోండి.”